చేతికి తగలని నాళం: ఏడేళ్ల సంతానలేమి వెనుక ఒక కేసు

ఆదోని దగ్గరి ఒక పల్లెకు చెందిన దంపతుల కేసు ఇది. వారి అనుమతితోనే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, వృత్తి వంటి వివరాలను కొంత మార్చాను.

అతనికి 31 ఏళ్లు, పత్తి జిన్నింగ్ మిల్లులో పని. ఆమెకు 26 ఏళ్లు, అతని సొంత అక్క కూతురు. మా రాయలసీమలో మేనరికాలు కొత్త కాదు కనుక మొదటి రోజు ఆ మాట ఇద్దరూ మామూలుగానే చెప్పారు. కానీ ఈ కేసులో ఆ బంధుత్వానికి తర్వాత చాలా ప్రాధాన్యం వచ్చింది, అందుకే ముందుగా ప్రస్తావిస్తున్నాను. పెళ్లయి ఏడేళ్లయినా ఒక్కసారీ గర్భం నిలవలేదు. కర్నూలులోని నా క్లినిక్‌కు వచ్చిన రోజు అతను బట్టల షాపు సంచి నిండా కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తేదీల వరుసలో పేర్చి చూస్తే మొదటి నాలుగేళ్ల కాగితాలన్నీ ఆమెవే. హార్మోన్ల పరీక్షలు, నెల నెలా చేయించిన స్కానింగులు, గర్భాశయ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, చివరికి ఒక లాపరోస్కోపీ కూడా ఉన్నాయి. అన్నిటిలోనూ ఫలితం మామూలుగానే ఉంది. అతని మొదటి వీర్యపరీక్ష పెళ్లయిన ఐదో ఏట జరిగింది. దాని మీద ఎర్ర సిరాతో గీత గీసిన ఒకే మాట, ‘నిల్’, అంటే వీర్యకణాలు ఒక్కటీ లేవని.

ఆ తర్వాత రెండేళ్లు అతను మందులు వాడాడు. వీర్యకణాల సంఖ్య పెంచుతాయని రాసిచ్చిన మాత్రలు, పొడులు, కొన్ని నెలలు క్లోమిఫిన్ అనే హార్మోన్లను పెంచే మందు. చివరగా చూసిన చోట ఎడమవైపు చిన్న వేరికోసీల్, అంటే వృషణ సిరల ఉబ్బు, ఉందని స్కానింగ్‌లో తేలితే, ఆపరేషన్ చేస్తే సరిపోతుందని చెప్పి తేదీ కూడా ఇచ్చారు. ఆపరేషన్‌కు ముందు ఇంకొకరి మాట కూడా విందామని అక్క పట్టుబట్టడంతో నా దగ్గరికి వచ్చారు. ఆ అక్కే అతనికి అత్తగారు కూడా. ఆ సంచిలోని కాగితాల్లో నేను వెతికినది ఒక్కటే. అతని వృషణాలను ఎవరైనా చేత్తో పరీక్షించి ఏం గమనించారో రాశారా అని చూశాను. అలాంటి వాక్యం ఒక్క కాగితంలోనూ లేదు.

నేను ముందుగా చదివింది వీర్యపరీక్ష నివేదికనే, కానీ కణాల సంఖ్య కోసం కాదు. వీర్యం పరిమాణం 0.6 మిల్లీలీటర్లు. పీహెచ్ 6.4, అంటే ఆమ్లగుణం. ఫ్రక్టోజ్ లేదు. పరీక్ష మళ్లీ చేయించి, ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినదాన్ని కూడా చూపించాం, ఫలితంలో తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి మార్గదర్శక గ్రంథం ప్రకారం పరిమాణానికి కింది హద్దు 1.4 మిల్లీలీటర్లు. ‘నిల్’ అన్న మాట చూడగానే అందరి చూపూ వృషణాల మీదికే వెళ్తుంది. కానీ ఆ నివేదికలోని మిగతా మూడు అంకెలు వృషణాల గురించి చెప్పడం లేదు. బయటికి వచ్చే వీర్యంలో వృషణాల వాటా చాలా తక్కువ, సుమారు ఇరవయ్యో వంతు. అందుకే వాసెక్టమీ చేయించుకున్న మగవాడికి వీర్యం తగ్గినట్టే తెలియదు. మూడింట రెండు వంతుల ద్రవం మూత్రాశయం వెనుక ఉండే శుక్రాశయాలనే జంట గ్రంథుల నుంచి వస్తుంది. అది క్షారగుణం గలది, ఫ్రక్టోజ్ అనే చక్కెర అందులోనే ఉంటుంది, వీర్యం బయటికి రాగానే గడ్డకట్టేలా చేసేదీ అదే. ప్రోస్టేట్ గ్రంథి ద్రవానికి కొంత ఆమ్లగుణం ఉంటుంది. కాబట్టి పరిమాణం తగ్గి, ఆమ్లగుణం పెరిగి, ఫ్రక్టోజ్ లేకుండా వచ్చిన ఆ 0.6 మిల్లీలీటర్లు దాదాపుగా ప్రోస్టేట్ నీళ్లే. శుక్రాశయాల నుంచి ఏమీ రావడం లేదని ఆ కాగితం రెండేళ్లుగా చెబుతూనే ఉంది.

రక్తపరీక్షలూ అటువైపే చూపించాయి. వీర్యకణాల తయారీని నడిపించే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ 4.1, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 480, రెండూ మామూలు స్థాయిలోనే ఉన్నాయి. వృషణంలో వీర్యకణాల తయారీ ఆగిపోతే, అక్కడి సెర్టోలి కణాల నుంచి వెళ్లే ఇన్‌హిబిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, దాంతో పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్‌ను పెంచుతుంది. ఇక్కడ అది పెరగలేదంటే లోపల పని సాగుతున్నట్టే అనుకోవచ్చు. అప్పటికి నా మనసులో మూడు కారణాలు మిగిలాయి. ప్రోస్టేట్ లోపలి స్ఖలన నాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. వీర్యం ముందుకు రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్తూ ఉండవచ్చు. లేదా వృషణాల వైపు నుంచి వీర్యకణాలను పైకి తీసుకెళ్లే నాళాలు, అంటే శుక్రవాహికలే లేకపోవచ్చు. రెండో కారణాన్ని స్ఖలనం తర్వాత మూత్రంలో వీర్యకణాలు లేకపోవడంతో పక్కన పెట్టాం. మిగిలిన రెండింటిలోనూ వీర్యపరీక్ష నివేదిక అచ్చం ఒకేలా ఉంటుంది. వాటిని వేరుచేసేది చేతివేళ్లే.

శుక్రవాహికను వేళ్లతో పట్టుకోవడం నేను నేర్చుకున్నది సంతానం కలిగించడానికి కాదు, ఆపడానికి. కర్నూలు వైద్య కళాశాలలో ఉన్న రోజుల్లో కుటుంబ నియంత్రణ శిబిరాల్లో కత్తిగాటు లేని వాసెక్టమీ చేసేవాళ్లం. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన ఆ పద్ధతిలో మొదటి పాఠమే మూడు వేళ్ల పట్టు. మధ్య వేలు వెనుక నుంచి ఆనించి, చూపుడు వేలూ బొటనవేలూ ముందు నుంచి పెట్టి, చర్మం కింద శుక్రవాహికను పైకి తేవాలి. వందల మందిలో అలా పట్టుకున్న చేతికి ఆ స్పర్శ మరిచిపోవడం సాధ్యం కాదు. వృషణాన్ని వేలాడదీసే కట్టలో, అంటే స్పెర్మాటిక్ కార్డ్‌లో, ధమని, సిరల అల్లిక, నరాలు, క్రెమాస్టర్ కండరం పోగులు అన్నీ ఉంటాయి. అవన్నీ తడిసిన నూలు పోగుల్లా మెత్తగా వేళ్ల మధ్య జారిపోతాయి. శుక్రవాహిక ఒక్కటే జారదు. మూడు మిల్లీమీటర్ల లావు కూడా లేని ఆ నాళానికి గోడ చాలా మందం, లోపలి రంధ్రం సూది మొన అంత. అందుకే అది సైకిల్ బ్రేకు వైరులా గట్టిగా, గుండ్రంగా, వేళ్ల మధ్య టక్కున దొర్లుతుంది.

అతన్ని పరీక్షించే ముందు గదిలో ఏసీ ఆపించి పది నిమిషాలు కూర్చోబెట్టాను. చలికి వృషణకోశం చర్మంలోని కండరం ముడుచుకుపోతుంది, అప్పుడు పరీక్ష సరిగా కుదరదు. సిగ్గుతో బిగుసుకుపోయిన మనిషికీ అంతే. మిల్లు పని గురించి మాట్లాడుతూ నిలబెట్టి చూశాను. రెండు వృషణాలూ కోశంలోనే ఉన్నాయి. వృషణాల పరిమాణం కొలిచే ప్రేడర్ పూసల దండతో పోలిస్తే ఒక్కొక్కటి 20 మిల్లీలీటర్లు, గట్టిదనం మామూలే. వృషణం పైకొన మీద, వీర్యకణాలు పరిపక్వమయ్యే చుట్టల నాళం ఎపిడిడిమిస్ తల భాగం కొంచెం ఉబ్బి తెలుస్తోంది. అక్కడి నుంచి వేలిని వెనుకవైపు కిందికి జరిపితే ఎపిడిడిమిస్ నడుము, తోక తగలాలి. ఏమీ తగల్లేదు, వృషణం నునుపు వెనుకభాగం నేరుగా వేలికి తగిలింది. కుడివైపు కార్డ్‌ను పట్టుకుని పోగులన్నిటినీ ఒక్కొక్కటిగా జార్చాను. మెత్తని పోగులన్నీ వెళ్లిపోయాయి, చివరికి నా రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలాయి. ఎడమవైపు కూడా అంతే. ఒకసారి చూసి నమ్మకూడదు కనుక అతన్ని పడుకోబెట్టి మళ్లీ చూశాను, వారం తర్వాత పిలిపించి ఇంకోసారి చూశాను. రెండు వైపులా శుక్రవాహిక లేదు. ఎడమవైపు సిరలు కొద్దిగా ఉబ్బిన మాట నిజమే. ఎడమ వృషణ సిర నిట్టనిలువుగా పైకి వెళ్లి మూత్రపిండపు సిరలో కలుస్తుంది కాబట్టి ఎంతోమంది మగవాళ్లలో అక్కడ కొంత ఉబ్బు ఉంటుంది. ఆ ఆపరేషన్ చేయించుకుని ఉంటే సిరలు సర్దుకునేవేమో గానీ, లేని నాళం వచ్చేది కాదు.

మన ప్రాంతంలో వైద్యులు ఇక్కడ ఇంకొకటి గుర్తుంచుకోవాలి. క్షయవ్యాధి ఎపిడిడిమిస్‌నూ శుక్రవాహికనూ పట్టినా వీర్యకణాల దారి మూసుకుపోతుంది. కానీ అప్పుడు శుక్రవాహిక మాయం కాదు, దండలో పూసలు కట్టినట్టు అక్కడక్కడా ముడులతో చేతికి తగులుతుంది. ఇతనిలో అలాంటి ముడి ఏదీ లేదు. వృషణకోశం స్కానింగ్ నివేదికలో ‘మామూలుగా ఉంది’ అని రాసి ఉంది. అది స్కానింగ్ చేసినవారి తప్పు అనను. ఆ అచ్చు ఫారంలో వృషణం కొలతలకు చోటుంది, ఎపిడిడిమిస్‌కు చోటుంది, శుక్రవాహికకు లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాలేదు. మలద్వారం గుండా చేసే స్కానింగ్ చేయించినప్పుడు మూత్రాశయం వెనుక శుక్రాశయాలు రెండూ కనిపించలేదు. ప్రోస్టేట్ ఉంది.

వృషణం ఉండి, ప్రోస్టేట్ ఉండి, మధ్యలో ఉన్నదంతా లేకపోవడం విన్నవారికి వింతగానే ఉంటుంది. కానీ గర్భంలో ఈ అవయవాలు ఎక్కడి నుంచి పుడతాయో తెలిస్తే అందులో వింత ఉండదు. వృషణం పుట్టేది ఒక చోట, దాని దారి పుట్టేది మరో చోట. పిండం వెనుకవైపు ఏర్పడే జననాంగ గట్టు నుంచి వృషణం వస్తుంది. ప్రోస్టేట్ మూత్రమార్గం గోడ నుంచి మొలుస్తుంది. ఈ రెండింటి మధ్య దారి మాత్రం పిండం తొలి మూత్రపిండపు నాళం నుంచి, అంటే వుల్ఫ్ నాళం నుంచి వస్తుంది. ఎనిమిదో వారం దాటాక వృషణంలోని లీడిగ్ కణాలు ఇచ్చే టెస్టోస్టెరాన్ వల్ల ఆ నాళం నిలిచి, ఎపిడిడిమిస్ నడుము, తోక, శుక్రవాహిక, శుక్రాశయం, స్ఖలన నాళంగా మారుతుంది. ఎపిడిడిమిస్ తల మాత్రం ఆ నాళంలో తెరుచుకునే చిన్న నాళికల నుంచి ఏర్పడుతుంది. ఇతనికి ఉన్నవీ లేనివీ పక్కపక్కన పెట్టి చూస్తే వుల్ఫ్ నాళం బొమ్మ దానంతట అదే గీసుకున్నట్టు ఉంది. నేను విద్యార్థిగా బట్టీ పట్టిన పిండశాస్త్రం ఒక మనిషి శరీరంలో ఇంత స్పష్టంగా కనిపించడం చూసి ఆ రోజు చాలాసేపు కదిలిపోయాను.

అదే నాళం నుంచి ఐదో వారంలో ఒక మొగ్గ పుట్టి మూత్రనాళంగా మారుతుంది, మూత్రపిండం రూపుదిద్దుకోవడానికి అదే కారణం. అందువల్ల శుక్రవాహిక లేదని తేలిన ప్రతి మగవాడికీ కడుపు స్కానింగ్ చేసి మూత్రపిండాలు రెండూ ఉన్నాయో లేదో చూడాలి. ముఖ్యంగా ఒక్కవైపే శుక్రవాహిక లేనివారిలో అదే వైపు మూత్రపిండం కూడా లేకపోవడం తరచుగా కనిపిస్తుంది. ఆ సంగతి తెలియకుండా ఉన్న ఒక్క మూత్రపిండంలో రాయి పడి మూసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇతనికి రెండూ ఉన్నాయి. దాని అర్థం, నాళం మొదట ఏర్పడి, మూత్రపిండాల మొగ్గలు పుట్టిన తర్వాత ఎప్పుడో క్షీణించిందని.

అలా క్షీణించడానికి తరచుగా కారణమయ్యేది ఏడో క్రోమోజోమ్ మీది సీఎఫ్‌టీఆర్ జన్యువు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల, క్లోమ వ్యాధికి కారణమైనదిగా 1989లో గుర్తించిన జన్యువు ఇదే. దాని ప్రతులు రెండూ బాగా దెబ్బతింటే ఆ వ్యాధి పూర్తి రూపంలో వస్తుంది, ఆ వ్యాధి ఉన్న మగవాళ్లలో దాదాపు అందరికీ శుక్రవాహికలు ఉండవు. ఒక ప్రతి బాగా దెబ్బతిని, రెండోది కొద్దిగా మాత్రమే మందగిస్తే, మిగతా శరీరం మామూలుగా ఉండి శుక్రవాహికలు మాత్రమే లేకపోవచ్చు. ఇతనికి దగ్గు ఉందా అని అడిగితే లేదన్నాడు, ఏటా సైనస్ బాధ మాత్రం ఉందన్నాడు. మిల్లులో పత్తి దుమ్ము వల్ల అని అంతా అనుకున్నారట. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష బాగానే ఉన్నాయి. జన్యు పరీక్షలో ఒక ప్రతిలో జన్యువును బాగా దెబ్బతీసే ఎఫ్508డెల్, రెండో ప్రతిలో దాన్ని కొద్దిగా మందగింపజేసే 5టి అనే మార్పులు కనిపించాయి.

మేనరికం సంగతి ఇక్కడ ముందుకు వచ్చింది. అతనికి ఒక మార్పు తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చాయి. అక్కకు వాటిలో ఒక్కొక్కటి వచ్చే అవకాశం సగం, ఆమె నుంచి కూతురికి వచ్చే అవకాశం అందులో సగం. అంటే ఒక్కో మార్పు భార్యలో ఉండే అవకాశం నాలుగింట ఒకటి, రెండింటిలో ఏదో ఒకటి ఉండే అవకాశం సగానికి సగం. బయటి సంబంధం అయితే ఇంత లెక్క పడేది కాదు. భార్యకు పరీక్ష చేయించకుండా ముందడుగు వేయడానికి నేను ఒప్పుకోలేదు. నాళం లేనప్పుడు వీర్యకణాలను సూదితో తీసి బిడ్డను కనవచ్చు, కానీ ప్రకృతి ఆపిన ఆ జన్యువును కూడా మనమే చేత్తో ముందుకు పంపుతున్నామన్న స్పృహ వైద్యుడికి ఉండాలి. ఆమెలో 5టి ఒక ప్రతి కనిపించింది, ఎఫ్508డెల్ లేదు. కాబట్టి పుట్టే బిడ్డల్లో నలుగురిలో ఒకరికి తండ్రికి ఉన్న జతే రావచ్చు. 5టి ప్రభావం దాని పక్కన ఉండే టీజీ అక్షరాల జత ఎన్నిసార్లు పునరావృతమైందన్న దాన్ని బట్టి మారుతుంది కనుక, ఆ జత వచ్చిన ప్రతివాడికీ ఇదే లోపం వస్తుందని చెప్పలేం. పిండాలను ముందే జన్యు పరీక్ష చేసి ఎంచుకునే మార్గం ఉందని చెప్పాను. ఖర్చు కూడా చెప్పాను.

ఇదంతా వాళ్లకు చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీశాను. వృషణం లోపల సుమారు 250 గదులు, వాటిలో దారపు ఉండల్లాంటి నాళికలు, అక్కడ ఒక వీర్యకణం తయారు కావడానికి పట్టే 74 రోజులు, విప్పితే ఆరు మీటర్లయ్యే ఎపిడిడిమిస్, అక్కడి నుంచి గజ్జ మీదుగా పొట్టలోకి ఎక్కి, మూత్రనాళం పైనుంచి దాటి, మూత్రాశయం వెనక్కి దిగి, శుక్రాశయంతో కలిసి ప్రోస్టేట్‌లోకి వెళ్లే శుక్రవాహిక. తర్వాత అతనికి లేని భాగమంతా అదే కాగితం మీద రబ్బరుతో చెరిపాను. అతను ఆ చెరిపిన చోటునే చూస్తూ, “అంటే మిల్లులో ఉడుకు వల్ల కాదా సార్?” అన్నాడు. వృషణాలకు శరీరం కన్నా రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలన్నది నిజమే, వేడికి కణాలు తగ్గుతాయన్నదీ నిజమే, కానీ వేడికి నాళం కరిగిపోదు, ఇది నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు జరిగింది అని చెప్పాను. భార్య అప్పటిదాకా మాట్లాడలేదు. “అట్లయితే మామ చేసిన తప్పేం లేదు గదా సార్, నాదీ లేదు గదా” అంది. లేదని గట్టిగానే చెప్పాను. ఆమె ఆ కాగితాన్ని అడిగి తీసుకుని మడిచి పెట్టుకుంది. ఊళ్లో అడిగేవాళ్లకు చూపించడానికట.

శుక్రవాహిక కోసి కట్టినవారికి తిరిగి అతకవచ్చు. ఎపిడిడిమిస్ దగ్గర మూసుకుంటే అక్కడి నుంచి కొత్త దారి కుట్టవచ్చు. ఇక్కడ అతకడానికి రెండో కొన లేదు. 1992లో బ్రస్సెల్స్‌లో ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి సఫలమైన తర్వాతే ఇలాంటివారికి నమ్మదగిన దారి దొరికింది. దంపతులు చీటీ పాడుకుని డబ్బు సమకూర్చుకున్నాక, నగరంలోని ఒక ఐవీఎఫ్ కేంద్రంలో ఆమె అండాలు తీసే రోజునే అతని వీర్యకణాలు తీయడానికి ఏర్పాటు చేసుకున్నాం. కార్డ్ దగ్గర 2 శాతం లిగ్నోకెయిన్ మత్తుమందు ఇచ్చి, ఎపిడిడిమిస్ తలను వేళ్ల మధ్య నిలిపి, సన్నని సూది గుచ్చి లాగాను. మొదట వచ్చిన చుక్క పసుపుగా చిక్కగా ఉంది, మైక్రోస్కోప్ కింద చచ్చిన కణాలు, వాటి ముక్కలు. సూదిని కొంచెం వృషణం వైపు జరిపి గుచ్చితే నీళ్లపాలలాంటి చుక్క వచ్చింది, అందులో ఈదే కణాలు కనిపించాయి. మామూలు మనిషిలో ఎపిడిడిమిస్ తోక వైపు వెళ్లేకొద్దీ కణాలకు చలనం పెరుగుతుంది. దారి మూసుకున్న చోట మాత్రం తలకిందులు, మూత దగ్గర చిక్కుకున్నవి ముసలివై చస్తాయి, వృషణానికి దగ్గరగా ఉన్నవే తాజావి. కొన్నిటిని అప్పుడే వాడి మిగిలినవాటిని శీతలీకరించారు.

అతను కూడా తెర మీద చూస్తానన్నాడు. చాలాసేపు చూసి, “ఇన్నేండ్లు దోవ లేక ఇవన్నీ యాడికి పోయినాయి సార్?” అని అడిగాడు. నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి రోగి అతనే. పాతబడిన కణాలను ఎపిడిడిమిస్‌లోనే రక్షక కణాలు మింగేస్తాయి, శరీరం వాటిని తిరిగి తనలో కలుపుకుంటుంది, కొత్తవి మళ్లీ వస్తూనే ఉంటాయి. అందుకే వృషణం వాయలేదు, నొప్పి పెట్టలేదు, అందుకే ఇన్నేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు.

అతనికి పెళ్లికాని తమ్ముడు ఒకడున్నాడు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు కాబట్టి అతనికీ ఇదే జత వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పిలిపించి చూశాను. రెండు వైపులా శుక్రవాహికలు స్పష్టంగా తగిలాయి. అయినా ఇంకో అక్క కూతురితో అతని సంబంధం మాట్లాడుతున్నారని తెలిసి, ముహూర్తం పెట్టకముందే ఇద్దరికీ జన్యు పరీక్ష చేయించమని పెద్దవాళ్లతో మాట్లాడాను. ఇది చెప్పడం తేలిక కాలేదు. రక్తం బాగాలేదని అంటున్నానని వాళ్లకు మొదట కోపం వచ్చింది. ఇప్పుడు పరీక్షకు ఒప్పుకున్నారు.

మొదట గర్భాశయంలో పెట్టిన పిండం నిలవలేదు. శీతలీకరించిన పిండాల్లో ఒకటి రెండోసారి పెట్టారు, అది నిలిచి ఆమెకు ఇప్పుడు ఐదో నెల. పిండాలకు జన్యు పరీక్ష వద్దని ఇద్దరూ అనుకున్నారు. వచ్చే ప్రమాదం తండ్రికి ఉన్నదే తప్ప అంతకన్నా పెద్దది కాకపోవచ్చని తెలిసి తీసుకున్న నిర్ణయం అది, నేను అడ్డు చెప్పలేదు. పుట్టగానే పిల్లల వైద్యుడికి ఈ జన్యు నివేదిక చూపించాలని ఫైల్లో రాశాను. పోయిన వారం వచ్చినప్పుడు, ఒకవేళ మగబిడ్డ అయితే వాడికి ఈ సంగతి ఎప్పుడు చెప్పాలని అతను అడిగాడు. వాడికి పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టక ముందే చెప్పమన్నాను. ఆ మాట కూడా ఫైల్లో రాయించుకుని వెళ్లాడు.